సీసం, కాడ్మియం, ఈస్ట్: పీల్చుకోవడం వేరు, తట్టుకోవడం వేరు

పురుగుమందు ఎంత మొండిదైనా అది అణువుల కూర్పే. దాన్ని ముక్కలు చేసే ఎంజైమ్ ఏదో ఒక సూక్ష్మజీవి దగ్గర ఉంటుంది. లేదంటే ఎండా నీరూ కలిసి ఏళ్ల మీద ఆ పని కానిస్తాయి. సీసం, కాడ్మియం, పాదరసం, ఆర్సెనిక్‌ల సంగతి అలా కాదు. అవి మూలకాలు. కాల్చినా, ఉడికించినా, ఏ జీవి మింగినా సీసం సీసంగానే మిగులుతుంది. మారేదల్లా అది ఎక్కడుంది, దేన్ని పట్టుకుని ఉంది అన్న రెండు విషయాలే.

కాబట్టి భారలోహం ఎదురైన కణానికి ఉన్న మార్గాలు కొన్నే. గోడ దగ్గరే ఆపాలి. లోపలికి వస్తే దేనికైనా కట్టేయాలి. కట్టినదాన్ని ముఖ్యమైన పనులు జరిగే చోటికి దూరంగా పెట్టాలి. కుదిరితే బయటికి గెంటేయాలి. బ్రెడ్డు పిండిని పొంగించే, కల్లును పులియబెట్టే ఈస్ట్ ఈ నాలుగూ చేస్తుంది. దాని శాస్త్రీయ నామం శాకరోమైసిస్ సెరివిసియే. కణంలో కేంద్రకం ఉన్న జీవుల్లో జన్యుక్రమం మొత్తం మొట్టమొదట చదివింది దీనిదే, 1996లో. జన్యువులు దాదాపు 6,000. ఒక్కో జన్యువును తీసేసి, ఆ కణాన్ని కాడ్మియం కలిపిన పోషకంలో పెంచి, బతికిందా చచ్చిందా అని చూడటం ప్రయోగశాలల్లో మామూలు పని. మనిషి కణంలో విషలోహం ఏం చేస్తుందో తెలుసుకునే ప్రయత్నాల్లోనూ ఈస్ట్ బాగా ఉపయోగపడింది.

"ఈస్ట్ భారలోహాలను పీల్చుకుంటుంది కాబట్టి దాంతో కలుషిత నీటిని శుభ్రం చేయొచ్చు" అన్న మాట తరచూ వినిపిస్తుంది. మాట తప్పేమీ కాదు గానీ, అందులో రెండు వేర్వేరు గుణాలు కలగలిసిపోయాయి. లోహాన్ని పట్టుకోవడం ఒకటి, లోహం మధ్య బతకడం మరొకటి. బాగా బతికే ఈస్ట్ బాగా పట్టుకుంటుందన్న హామీ లేదు. కొన్నిసార్లు అది బతకడానికి కారణమే లోహాన్ని పట్టుకోకపోవడం. ఈ తేడా పక్కన పెట్టి నీటి శుద్ధి గురించి లెక్కలు వేస్తే ఆ లెక్కలు నిలబడవు.

గోడకు అంటుకునే లోహం

ఈస్ట్ కణం అడ్డుకొలత 5 మైక్రాన్లకు అటూఇటూగా ఉంటుంది. చుట్టూ ఉండే గోడ మందం 100 నుంచి 200 నానోమీటర్లు. కణాన్ని ఎండబెట్టి తూస్తే బరువులో 15 నుంచి 30 శాతం ఈ గోడదే. గోడ లోపలి వైపు గ్లూకాన్ అనే చక్కెర గొలుసుల అల్లిక, కొద్దిగా కైటిన్ ఉంటాయి. బయటి వైపు మానోజ్ చక్కెర తొడిగిన ప్రోటీన్లు ఉంటాయి. వీటి మీద అక్కడక్కడా కార్బాక్సిల్, ఫాస్ఫేట్ గుంపులుంటాయి. నీటిలో అవి రుణావేశంతో ఉంటాయి. సీసం, రాగి, కాడ్మియం అయాన్లది ధనావేశం. రెండూ ఒకచోట కలిస్తే నిమిషాల్లోనే లోహం గోడకు అంటుకుంటుంది.

ఇందుకు కణం ఏ శక్తీ ఖర్చు పెట్టదు. అసలు బతికి ఉండాల్సిన పనే లేదు. వేడిచేసి చంపిన ఈస్ట్, బీరు తయారయ్యాక అడుగున మిగిలే ఈస్ట్ మడ్డి కూడా ఇదే పని చేస్తాయి. పైగా చచ్చిన కణానికి తిండి పెట్టనక్కర్లేదు, విషం ఎక్కువైతే ఏమవుతుందోనన్న టెన్షన్ లేదు.

ఈ విషయాన్ని స్పష్టంగా చూపిన పాత ప్రయోగాల్లో ఒకటి యురేనియం మీద జరిగింది. 1981లో అమెరికాలో ప్రచురించిన ఆ పనిలో, ఈస్ట్ పట్టుకున్న యురేనియం, ఎండిన ఈస్ట్ కణాల బరువులో 10 నుంచి 15 శాతానికి చేరింది. అదంతా కణం పైభాగంలోనే పేరుకుంది. కణం జీవక్రియతో దానికి సంబంధం లేదు. రసాయనంతో కడిగితే యురేనియం ఊడి వచ్చింది, అవే కణాలను మళ్లీ వాడగలిగారు. ఇక్కడ ఒక చిన్న వివరం దగ్గర ఆగాలి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూస్తే ఆ ఈస్ట్ కణాల్లో 32 శాతం మీదే యురేనియం పేరుకున్న ఆనవాళ్లు కనిపించాయి. ఒకే పాత్రలో, ఒకే నీటిలో ఉన్న కణాలే అయినా కొన్నింటి మీద లోహం మందంగా పేరుకుంది, మిగతావి చూపుకు ఖాళీగానే ఉన్నాయి. ఒక గ్రాము ఈస్ట్ ఇన్ని మిల్లీగ్రాముల లోహాన్ని పడుతుందని చెప్పే ప్రతి అంకె వెనకా ఇలాంటి హెచ్చుతగ్గులు ఉంటాయి.

గోడ దగ్గర జరిగేదంతా ఆవేశాల లెక్క కాబట్టి నీటి గుణాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. నీటిలో ఆమ్లం ఎక్కువై పీహెచ్ 2, 3 దగ్గరికి వస్తే హైడ్రోజన్ అయాన్లే ఆ చోట్లన్నీ ఆక్రమించేస్తాయి, లోహానికి జాగా ఉండదు. పీహెచ్ 5 చుట్టుపక్కల చాలా లోహాలకు అనుకూలం. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న కఠిన జలంలో అవి కూడా పోటీకి వస్తాయి. లోహాలన్నీ కూడా ఒకేలా అంటుకోవు. సీసం గట్టిగా పట్టుకుంటుంది, రాగి దాని తర్వాత, నికెల్ బాగా వెనకబడి ఉంటుంది.

ఆర్సెనిక్ అయితే ఈ పద్ధతికి దాదాపు లొంగదు. నీటిలో అది ఆర్సెనేట్ రూపంలో ఉంటే దానిదీ రుణావేశమే, గోడదీ రుణావేశమే. ఆర్సెనైట్ రూపంలో ఉంటే మామూలు పీహెచ్ దగ్గర దానికి ఆవేశమే ఉండదు. కాబట్టి ఏ మార్పూ చేయని ఈస్ట్ పొడిని ఆర్సెనిక్ ఉన్న బోరు నీటిలో వేసి పెద్దగా ఆశించేది ఏమీ లేదు. భారలోహాలన్నింటినీ ఒకే గాటన కట్టే వ్యాసాల్లో సాధారణంగా జారిపోయే సంగతి ఇది.

తిండి దారిలో వచ్చే విషం

గోడ దాటాక కణత్వచం ఉంటుంది. దీన్ని దాటాలంటే ప్రోటీన్లతో తయారైన ప్రత్యేక మార్గాలు కావాలి. కాడ్మియంతో ఈస్ట్‌కు పనేమీ లేదు, దాన్ని పిలిచి లోపలికి తెచ్చే మార్గమూ లేదు. అయినా అది లోపలికి వస్తుంది. జింక్‌ను, ఇనుమును, మాంగనీస్‌ను లోపలికి తెచ్చే ప్రోటీన్లే దాన్నీ తెస్తాయి. ఆవేశం ఒకటే, పరిమాణం ఇంచుమించు దగ్గరే. అంతకుమించి తేడా పట్టే శక్తి ఆ ప్రోటీన్లకు లేదు.

మిగతా విషాలదీ ఇదే దారి. ఆర్సెనేట్ చూడటానికి ఫాస్ఫేట్ లాగే ఉంటుంది కాబట్టి ఫాస్ఫేట్ మార్గంలో వస్తుంది. తోళ్ల శుద్ధి, లోహపు పూత పరిశ్రమల వ్యర్థాల్లో ఉండే క్రోమేట్ ఆకారంలో సల్ఫేట్‌ను పోలి ఉంటుంది కాబట్టి సల్ఫేట్ మార్గంలో వస్తుంది. ఆర్సెనైట్ ఆకారం గ్లిసరాల్‌కు దగ్గర. ఈస్ట్‌లో గ్లిసరాల్ రాకపోకల కోసం ఎఫ్‌పీఎస్1 అనే మార్గం ఉంది, ఆర్సెనైట్ అందులోంచి దూరుతుంది. ఆ జన్యువును తీసేస్తే ఈస్ట్ ఆర్సెనైట్‌ను చాలా ఎక్కువగా తట్టుకుంటుందని 2001లోనే తేలింది. మామూలు ఈస్ట్ కూడా ఆర్సెనైట్ తగలగానే ఆ మార్గాన్ని కుదించుకోవడానికి ప్రయత్నిస్తుంది. మనిషి కణాల్లోనూ ఇదే కుటుంబానికి చెందిన మార్గాలున్నాయి. ఒక రకం రక్త క్యాన్సర్‌కు మందుగా ఇచ్చే ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ కణాల్లోకి చేరేది వాటి గుండానే.

తిండి దారినే విషం వస్తుంది కాబట్టి తిండి కరువైనప్పుడు విషం ఇంకా ఎక్కువ వస్తుంది. జింక్ చాలక ఇబ్బంది పడుతున్న ఈస్ట్ కణం జింక్ మార్గాలను పెంచుకుంటుంది. ఆ సమయంలో చుట్టూ కాడ్మియం ఉంటే అదీ ఎక్కువ లోపలికి పోతుంది. ఇది ఈస్ట్‌కే పరిమితమైన సంగతి కాదు. ఈస్ట్‌లో మాంగనీస్‌ను తెచ్చే ప్రోటీన్ కుటుంబానికి చెందినదే మన పేగుల్లో ఇనుమును పీల్చే ప్రోటీన్. ఒంట్లో ఇనుము తగ్గితే పేగు ఆ ప్రోటీన్‌ను పెంచుతుంది, దాంతోపాటు తిండిలోని కాడ్మియం కూడా ఎక్కువ ఒంటబడుతుంది. ఇనుము తక్కువ ఉన్న స్త్రీలలో కాడ్మియం స్థాయులు ఎక్కువ ఉండటానికి ఇదే కారణంగా చెబుతారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అందులో ఇనుము లోపం వాటా పెద్దది. కలుషిత నేలలో పండిన బియ్యం, ఆకుకూరలు తినే ఊళ్లలో ఈ రెండు సమస్యలనూ వేర్వేరు ఫైళ్లలో పెట్టి చూడటం సరికాదు.

లోపలికి వచ్చాక కాడ్మియం చేసే నష్టంలో ఒకదాన్ని మొదట ఈస్ట్‌లోనే పట్టుకున్నారు. కణం విభజన చెందే ముందు డీఎన్ఏను నకలు తీస్తుంది. ఆ నకల్లో దొర్లిన తప్పులను వెతికి సరిదిద్దే ఏర్పాటు ఒకటి ఉంటుంది. కాడ్మియం ఆ ఏర్పాటునే పని చేయనివ్వదని 2003లో ఈస్ట్ మీద చేసిన ప్రయోగాలు చూపించాయి. అంటే అది డీఎన్ఏను నేరుగా తెంచకపోయినా, తప్పులు దిద్దకుండా వదిలేసేలా చేసి ఉత్పరివర్తనలను, అంటే జన్యువుల్లో మార్పులను, పెంచుతుంది. క్యాన్సర్ పరిశోధన అంతర్జాతీయ సంస్థ కాడ్మియంను మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని నిర్ధారణ అయిన మొదటి వర్గంలో ఉంచింది. అసలు చిక్కంతా కాడ్మియంకు గంధకం మీద ఉన్న మక్కువ. చాలా ప్రోటీన్లలో జింక్‌ను పట్టి ఉంచేది సిస్టీన్ అనే అమైనో ఆమ్లంలోని గంధకమే. కాడ్మియం వచ్చి జింక్‌ను తప్పించి ఆ చోట కూర్చుంటే ప్రోటీన్ ఆకారం చెడుతుంది, పని ఆగిపోతుంది.

రాగి కథ

రాగిది వేరే ఇబ్బంది. కాడ్మియం లాగా అది పూర్తి పరాయిది కాదు. శ్వాసక్రియలో పాల్గొనే ఎంజైమ్‌లకు, ఇనుమును తెచ్చుకునే ఏర్పాటుకు రాగి తప్పనిసరి. అదే రాగి విడిగా తిరిగితే ఆక్సిజన్‌తో కలిసి కణాన్ని లోపల్నుంచి పాడుచేసే చురుకైన రాడికల్స్‌ను పుట్టిస్తుంది. అందుకే ఈస్ట్ రాగిని ఒక్క క్షణం కూడా విడిగా వదలదు. లోపలికి రాగానే రవాణా ప్రోటీన్లు దాన్ని చేతులు మార్చుకుంటూ గమ్యానికి చేరుస్తాయి. ఈస్ట్ కణంలో దేనికీ కట్టుబడని రాగి ఎంత ఉంటుందని 1999లో లెక్కగడితే, కణానికి ఒక్క అయాన్ కంటే తక్కువ అని వచ్చింది. జీవరసాయన శాస్త్రంలో ఇంత ఆశ్చర్యపరిచే అంకెలు తక్కువ.

రాగి అవసరానికి మించి వచ్చినప్పుడు ఆదుకునేది కప్1 అనే జన్యువు. దాని నుంచి తయారయ్యే చిన్న ప్రోటీన్‌లో 53 అమైనో ఆమ్లాలు ఉంటే వాటిలో 12 సిస్టీన్లే. మామూలు ప్రోటీన్లలో సిస్టీన్ అరుదు. ఇక్కడ ప్రతి అయిదింటిలో ఒకటికి పైనే. ఈ ప్రోటీన్ రాగి అయాన్ల చుట్టూ ముడుచుకుని వాటిని గంధకంతో బిగించేస్తుంది. ఇలాంటి ప్రోటీన్లను మెటలోథయోనిన్లు అంటారు. వీటిని మొదటిసారి గుర్తించింది గుర్రం మూత్రపిండంలో, 1957లో. కప్1ను నడిపించే మీట కూడా రాగే. ఏస్1 అనే ప్రోటీన్‌కు రాగి తగలగానే అది వెళ్లి కప్1 జన్యువును ఆన్ చేస్తుంది.

అసలు విశేషం ఆ జన్యువు ఎన్ని నకళ్లుగా ఉందన్న దాంట్లో ఉంది. కొన్ని ఈస్ట్ రకాల్లో కప్1 ఒక్కటే ఉంటుంది. కొన్నింటిలో ఎనిమిదో క్రోమోజోమ్ మీద అదే జన్యువు పక్కపక్కనే పదికి పైగా నకళ్లుగా వరుసలో ఉంటుంది. నకళ్లు ఎక్కువ ఉన్న రకం రాగిని ఎన్నో రెట్లు తట్టుకుంటుందని 1982లో తేలింది. కొత్త జన్యువేదీ పుట్టనక్కర్లేదు. ఉన్నదే మళ్లీ మళ్లీ రాసుకుంటే చాలు.

ఈ గుణం ద్రాక్ష తోటల ఈస్ట్‌లలో బాగా కనిపించడం యాదృచ్ఛికం కాదు. రాగి లవణమైన మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో మిశ్రమం మన బత్తాయి, నిమ్మ రైతులకు బాగా తెలిసిన మందు. దాని పుట్టిల్లు ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతం. ద్రాక్షకు వచ్చే బూజు తెగులు మీద అది పనిచేస్తుందని మిల్లార్దే అనే వృక్షశాస్త్రవేత్త 1885లో ప్రకటించాడు. అప్పటినుంచి యూరప్ ద్రాక్ష తోటల మీద రాగి కురుస్తూనే ఉంది. ఆ పండ్లతో పాటు వైన్ పులియబెట్టే తొట్టెల్లోకీ రాగి వచ్చింది, రాగిని తట్టుకునే ఈస్ట్‌లే అక్కడ నిలదొక్కుకున్నాయి. మనిషి చల్లిన మందు తనకు కనిపించని జీవిని కూడా ఎలా మారుస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. పులిసే సమయంలో ద్రాక్షరసంలోని రాగిలో చాలా భాగం ఈస్ట్‌ను పట్టుకుని అడుగుకు చేరుతుంది. వైన్‌లో రాగి లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదన్నది అంతర్జాతీయ పరిమితి. ఆ గీత దాటకుండా ఉండటంలో ఈస్ట్ పాత్ర చిన్నదేమీ కాదు.

కాడ్మియం వచ్చినప్పుడు గంధకం పొదుపు

కాడ్మియం దగ్గరికి వచ్చేసరికి కప్1 అంతగా అక్కరకు రాదు. ఏస్1 కాడ్మియంకు స్పందించదు కాబట్టి ఆ జన్యువు మేలుకోదు. ఇక్కడ భారమంతా గ్లూటాథయోన్ మీద పడుతుంది. ఇది మూడు అమైనో ఆమ్లాల చిన్న అణువు, మధ్యలో సిస్టీన్. రెండు గ్లూటాథయోన్లు కలిసి ఒక కాడ్మియం అయాన్‌ను రెండు వైపులా పట్టుకుంటాయి. అలా కట్టిన కాడ్మియంను రిక్తికలోకి పంపే ప్రోటీన్‌ను 1994లో కనుక్కున్నారు. దాని పేరు వైసీఎఫ్1, అంటే ఈస్ట్ కాడ్మియం కారకం. కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చుపెట్టి అది ఆ కట్టను విప్పకుండా అలాగే లోపలికి నెడుతుందని 1997లో రుజువైంది. రిక్తిక అంటే కణంలో ఒక తిత్తి. ఆమ్ల గుణంతో ఉండి, పాత సరుకును అరగదీయడం, నిల్వ పెట్టడం దాని పని. వైసీఎఫ్1 లేని ఈస్ట్ కాస్త కాడ్మియంకే చచ్చిపోతుంది. మనుషుల్లో దీని దగ్గరి బంధువుల్లో ఒకటి క్యాన్సర్ మందులను కణాల్లోంచి బయటికి నెట్టేసి చికిత్సను దెబ్బతీసే ప్రోటీన్. సిస్టిక్ ఫైబ్రోసిస్ జబ్బులో దెబ్బతినేది ఇంకొకటి.

కాడ్మియం అయాన్ ఒక్కోదానికి రెండేసి గ్లూటాథయోన్లు కావాలి. ప్రతి గ్లూటాథయోన్‌కూ గంధకం కావాలి. కాడ్మియం వరదలా వస్తే కణంలో గంధకానికి కటకట ఏర్పడుతుంది. అప్పుడు ఈస్ట్ చేసే పని 2002లో బయటపడింది. బియ్యం నిండుకుంటున్న ఇంట్లో ఆ పూటకు జావ కాచుకున్నట్టు, ఈస్ట్ గంధకం ఎక్కువ పట్టే ప్రోటీన్ల తయారీ తగ్గించి, అదే పని చేసే, గంధకం తక్కువ పట్టే ప్రోటీన్లను తయారు చేసుకుంటుంది. ఉదాహరణకు చక్కెరను సారాయిగా మార్చే దారిలో ఒక మెట్టుకు ఈస్ట్ దగ్గర ఒకటికి మించిన ఎంజైమ్‌లున్నాయి. మామూలు రోజుల్లో వాడేది వేరు. కాడ్మియం వచ్చినప్పుడు, ఎప్పుడూ పెద్దగా కనిపించని పీడీసీ6 అనేది ముందుకు వస్తుంది. దానిలో గంధకం ఉండే అమైనో ఆమ్లాలు తక్కువ. ఇలాంటి మార్పులన్నీ కలిపి ప్రోటీన్లలోకి పోయే గంధకంలో సుమారు 30 శాతం మిగులుతుంది. మిగిలినదంతా గ్లూటాథయోన్ తయారీకి వెళ్తుంది. తట్టుకోవడం ఉచితంగా రాదన్న మాటకు దీనికంటే స్పష్టమైన సాక్ష్యం లేదు. విషంతో సర్దుకుంటున్న కణం ఎదుగుదల మందగించడం మామూలే.

ఇంకో జాతి ఈస్ట్, తూర్పు ఆఫ్రికా చిరుధాన్యాల బీరులోంచి 19వ శతాబ్దం చివర్లో వేరుచేసిన శైజోశాకరోమైసిస్ పోంబే, ఇదే పనిని మరింత ముందుకు తీసుకెళ్లింది. అది గ్లూటాథయోన్లను గొలుసుగా అతికించి కాడ్మియంను చుట్టేస్తుంది. 1980ల మొదట్లో జపాన్ శాస్త్రవేత్తలు ఈ గొలుసులను ఈ ఈస్ట్‌లోనే కనుక్కున్నారు. 1985లో జర్మనీలో మన సర్పగంధి మొక్క కణాలను ప్రయోగశాలలో పెంచి చూస్తే అవే గొలుసులు దొరికాయి. మొక్కలన్నింటిలో ఇవి ఉంటాయని తర్వాత తేలింది. ఫైటోకెలాటిన్లు అన్న పేరు అప్పుడు పెట్టిందే. పోంబే ఈ కట్టలోకి సల్ఫైడ్‌ను కూడా చేర్చి, 2 నానోమీటర్ల పరిమాణంలో కాడ్మియం సల్ఫైడ్ స్ఫటికాలను తయారు చేస్తుందని 1989లో చూపించారు. ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ క్వాంటం డాట్లు అని పిలిచే రకం కణికలు ఇవి. ఎవరూ అడగకుండానే ఒక ఈస్ట్ వాటిని తన ప్రాణం కాపాడుకోవడానికి కడుతోంది.

ఇక గెంటేయడం. ఆర్సెనిక్ విషయంలో ఈస్ట్ మొదట ఆర్సెనేట్‌ను ఆర్సెనైట్‌గా మార్చి, ఏసీఆర్3 అనే పంపుతో బయటికి తోస్తుంది. కాడ్మియంకు పీసీఏ1 అనే పంపు ఉంది. అయితే ప్రపంచమంతా ప్రయోగాల్లో వాడే చాలా ఈస్ట్ రకాల్లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారిపోయి ఈ పంపు చెడిపోయింది. ఈ సంగతి 2007లో బయటపడేదాకా, ఈస్ట్ కాడ్మియంను బయటికి పంపలేదనే చాలామంది అనుకున్నారు. ఒకే ప్రయోగశాల రకాన్ని పట్టుకుని ఈస్ట్ జాతి మొత్తం ఇంతే అని తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో ఇది చూపిస్తుంది.

నీటిని శుభ్రం చేయాలంటే

పైదంతా దగ్గర పెట్టుకుని చూస్తే శుద్ధి గురించి అడగాల్సిన ప్రశ్న మారుతుంది. కాలుష్యం ఉన్న చెరువులోంచో, కాలువలోంచో తీసిన ఈస్ట్ కాడ్మియంను విపరీతంగా తట్టుకుంటోందని ఎవరైనా ప్రకటిస్తే, అది ఏ కారణంతో తట్టుకుంటోందో ముందు తేల్చాలి. రిక్తికలో దాచుకుంటే అది మనకు పనికొస్తుంది. పంపుతో బయటికి తోస్తుంటే లోహం మళ్లీ నీటిలోకే పోతోంది. ఆ ఈస్ట్ బతుకుతుంది, నీరు మాత్రం అలాగే ఉంటుంది. తట్టుకునే శక్తిని కొలవడం సులువు, కణం ఎంత లోహం పట్టిందో కొలవడానికి పరికరాలు కావాలి. అందుకే మొదటిది చూపించి రెండోది ఉన్నట్టు రాసేయడం జరుగుతుంటుంది.

గోడకు అంటించుకునే పద్ధతికి ఈ చిక్కు లేదు. 2022లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు నిర్జీవ ఈస్ట్ పొడితో, లీటరుకు 1 మిల్లీగ్రాము కంటే తక్కువ సీసం ఉన్న నీటిని పరీక్షించారు. 5 నిమిషాల్లోనే ఒక గ్రాము పొడి 12 మిల్లీగ్రాముల దాకా సీసాన్ని పట్టింది. తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదన్నది మన భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం. ఇంత తక్కువ మోతాదుల్లో రసాయనాలు వేసి లోహాన్ని అడుగుకు దించే పాత పద్ధతులు చతికిలబడతాయి, ఈస్ట్‌కు విలువ వచ్చేది అక్కడే. అయితే 12 మిల్లీగ్రాములను లెక్కలో పెట్టి, ఒక గ్రాముతో ఇన్ని వందల లీటర్లు శుద్ధి అని గుణించడం పొరపాటు. నీటిలో లోహం తగ్గేకొద్దీ పొడి పట్టే మోతాదూ తగ్గుతుంది. చివరి మిగులును తీయడానికే ఎక్కువ పొడి ఖర్చవుతుంది.

ఆ పొడిని నీటిలోంచి తిరిగి తీయడం ఇంకో పని. 5 మైక్రాన్ల కణం తేలిగ్గా అడుక్కి దిగదు, వడపోతను ఇట్టే మూసేస్తుంది. అందుకే జెల్ గోళీల్లో ఈస్ట్‌ను బంధించి గొట్టాల్లో నింపి, వాటి మీదుగా నీటిని పంపే ప్రయోగాలు నడుస్తున్నాయి. ఇందులో ఆకర్షణ ఏమీ లేదు, ఇంజినీరింగే ఉంది. ఈ పద్ధతి ఊళ్లోకి వస్తుందా రాదా అన్నది మాత్రం దీని మీదే ఆధారపడి ఉంటుంది.

బతికున్న ఈస్ట్‌తోనూ ఒక మంచి దారి ఉంది. ప్రయోగశాలల్లో బాగా వాడే ఒక ఈస్ట్ రకంలో మెట్15 జన్యువు ఉండదు. సల్ఫైడ్‌ను అమైనో ఆమ్లంగా మార్చే మెట్టు అక్కడ తెగిపోవడంతో హైడ్రోజన్ సల్ఫైడ్ మిగిలి బయటికి వస్తుంది. సీసం కలిపిన అగర్ (పోషకాల జెల్లీ) పలక మీద ఆ ఈస్ట్‌ను పెంచితే, తెల్లగా ఉండాల్సిన మచ్చలు కొన్ని రోజుల్లో గోధుమరంగుకి, ఆపై నలుపుకి తిరుగుతాయి. ఆ నలుపు సీసం సల్ఫైడే. దీన్నే పెద్ద ఎత్తున వాడుకుంటూ ఎంఐటీలో ఏంజెలా బెల్చర్ బృందం 2020లో ఈస్ట్ గంధక మార్గంలో జన్యువులు తీసేసి, సల్ఫైడ్ కావలసినంత విడుదలయ్యేలా మార్చింది. ఆ ఈస్ట్ నీటిలోని రాగి, కాడ్మియం, పాదరసం, సీసాలను సల్ఫైడ్ రూపంలో గట్టిపరిచి కిందికి దింపింది. ఇక్కడ కణం ఎంత తట్టుకుంటుందన్న బెంగ కొంత తగ్గుతుంది. లోహం లోపలికి రాకముందే బయటే పట్టుబడుతుంది.

పటాన్‌చెరు పరిశ్రమల ప్రాంతం, దాని వ్యర్థాలు మోసి మంజీరలో కలిపే నక్కవాగు లాంటి చోట్ల వీటిలో ఏది పనికొస్తుంది? అక్కడి నేలలో, నీటిలో ఆర్సెనిక్‌తో పాటు ఇతర లోహాలున్నట్టు హైదరాబాద్ పరిశోధకులు ఏళ్ల తరబడి నమోదు చేశారు. ఈస్ట్ పొడికి ఆర్సెనిక్ అంటుకోదని పైన చూశాం. ఇనుము ఆక్సైడ్ లాంటివి కలిపితే తప్ప అది అక్కడ ఉపయోగపడదు. పైగా మందుల, రసాయన పరిశ్రమల వ్యర్థ జలాల్లో లవణాలు విపరీతం, గోడ మీద చోటు కోసం అవన్నీ పోటీ పడతాయి. ఆ వాగులో ఈస్ట్ వేసి లాభం లేదు. లోహపు పూత యూనిట్‌లో, బ్యాటరీ యూనిట్‌లో వ్యర్థజలం ఇంకా దేనితోనూ కలవకముందు, ఏ లోహం ఎంత ఉందో తెలిసిన గొట్టం దగ్గర పెడితే ఫలితం ఉంటుంది. శుద్ధి కేంద్రాలన్నీ వాగు చివర కట్టి, మొదట్లో చేయాల్సింది వదిలేయడం మన దగ్గర పాత జబ్బు. దానివల్ల నష్టపోయింది వాగు పక్కన సాగు చేసుకునే రైతులు.

పట్టుబడిన లోహాన్ని చివరికి ఏం చేయాలన్నదీ ముందే తేల్చుకోవాలి. పలుచని ఆమ్లంతో కడిగితే లోహం ఈస్ట్‌ను వదిలి కొద్దిపాటి ద్రవంలోకి చేరుతుంది, ఈస్ట్ మళ్లీ కొన్ని విడతలు పనికొస్తుంది. రాగి, నికెల్ లాంటివైతే ఆ చిక్కటి ద్రవంలోంచి తిరిగి తీసి అమ్ముకోవచ్చు, ఖర్చు కొంత రాబట్టుకోవచ్చు. కాడ్మియం, సీసం ఉన్న ద్రవాన్ని, అరిగిపోయిన ఈస్ట్‌ను ప్రమాదకర వ్యర్థాల కింద లెక్క రాసి, అందుకు అనుమతి ఉన్న చోటికే పంపాలి. ఆ మడ్డిని ఎరువులో కలిపినా, పొలం గట్టున పారబోసినా ఈస్ట్ గోడను పట్టుకున్న కాడ్మియం వానకు ఊడి మళ్లీ వరి వేళ్ల దగ్గరికే వస్తుంది. అక్కడ వరి మొక్క కూడా మాంగనీస్ తెచ్చుకునే దారిలోనే దాన్ని లోపలికి తీసుకుంటుంది.